పాఠకుల ప్రశ్నలు: క్లౌడ్ సర్టిఫికేషన్‌కు ఎలా చదవాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయానికి సంబంధించినవి. సర్వర్లనే శక్తిమంతమైన కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే ఏర్పాటును క్లౌడ్ అంటారు. ఆ సేవలు అందించే అమెజాన్ వెబ్ సర్వీసెస్, అంటే మనం ఏడబ్ల్యూఎస్ అని పిలుచుకునే సంస్థ, క్లౌడ్‌లో వ్యవస్థలను రూపొందించే నైపుణ్యం మీద నిర్వహించే 'సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్' పరీక్షకు ఎలా చదవాలి, ఎంత ఖర్చవుతుంది, పాసైతే ఏం ఒరుగుతుంది అని చాలామంది అడిగారు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ పరీక్షకే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను క్లుప్తం చేసి ఇచ్చాను, రాసినవారి పేర్లు తొలగించాను.

ప్రశ్న: నేను బి.కాం. చదివి, నాలుగేళ్లుగా ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు చూస్తున్నాను. ఇంజినీరింగ్ చదవనివాళ్లు ఈ పరీక్ష రాయవచ్చా? రాయవచ్చు అంటే ఎక్కడ మొదలుపెట్టాలి? రోజుకు రెండు గంటలకు మించి నాకు తీరిక దొరకదు.
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిస్సంకోచంగా రాయవచ్చు. ఈ పరీక్షకు ఫలానా డిగ్రీ ఉండాలన్న నిబంధన లేదు, ముందుగా వేరే పరీక్ష పాసై ఉండాలన్న షరతూ లేదు. అయితే ఏడబ్ల్యూఎస్ ప్రచురించే పరీక్ష గైడు, అభ్యర్థికి కనీసం ఒక ఏడాది పాటు ఈ సేవలతో స్వయంగా పనిచేసిన అనుభవం ఉంటుందన్న అంచనాతో తయారైంది. మీకు ఆ అనుభవం లేదు కాబట్టి, చదువులో సగం సమయాన్నయినా సాధనకే ఇవ్వాలి. వీడియోలు చూసి పాసైపోదామనుకునేవారు తడబడేది ఇక్కడే.

పరీక్ష స్వరూపం ఇది. 130 నిమిషాల్లో 65 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. వాటిలో 50 ప్రశ్నలకే మార్కులు ఉంటాయి. మిగిలిన 15 ప్రశ్నలు, భవిష్యత్తులో వాడుకోవడానికి పనికొస్తాయో లేదో పరిశీలించేందుకు చేర్చినవి, కానీ అవి ఏవో అభ్యర్థికి తెలియదు. స్కోరును 100 నుంచి 1000 వరకు ఉన్న కొలమానం మీద ఇస్తారు, 720 వస్తే పాసైనట్టు. రుసుము 150 డాలర్లు, పన్నులు అదనం. పాఠ్యాంశాల్లో భద్రతతో కూడిన రూపకల్పనకు 30 శాతం, ఒక భాగం చెడిపోయినా మొత్తం ఆగిపోకుండా నిర్మించడానికి 26 శాతం, వేగానికి 24 శాతం, ఖర్చు తగ్గించడానికి 20 శాతం కేటాయించారు.

ఆ చివరి 20 శాతం దగ్గర మీరు చాలామంది ఇంజినీర్లకంటే ముందుంటారని నా నమ్మకం. ఒక సర్వర్‌ను గంట లెక్కన అద్దెకు తీసుకోవడం, ఒకటి లేదా మూడేళ్లకు మాట ఇచ్చి తక్కువ ధరకు పొందడం, ఎవరూ వాడకుండా మిగిలిన సామర్థ్యాన్ని మరీ చవకగా వాడుకోవడం అనే మూడు పద్ధతుల మధ్య తేడాను లెక్కల మనిషికి విడమరచి చెప్పనక్కర్లేదు. రెండో పద్ధతిలో గరిష్ఠంగా 72 శాతం, మూడోదైన 'స్పాట్' పద్ధతిలో గరిష్ఠంగా 90 శాతం ధర తగ్గుతుంది. అయితే స్పాట్ సర్వర్‌ను సంస్థ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, అదీ కేవలం రెండు నిమిషాల ముందు తెలియజేసి. కాబట్టి మధ్యలో ఆగినా మళ్లీ మొదలుపెట్టగలిగే పనికి స్పాట్ సరిపోతుంది, జీతాల లెక్క నడిచే డేటాబేస్‌కు సరిపోదు. పెద్ద కంపెనీల్లో క్లౌడ్ బిల్లులను పరిశీలించి అదుపు చేయడానికే ప్రత్యేకంగా ఉద్యోగాలు ఉన్నాయి. మీ పాత వృత్తిని వదిలి రావాల్సిన దారి కాదిది, దాన్ని వెంటబెట్టుకుని వెళ్లగలిగే దారి.

మొదలుపెట్టవలసింది మాత్రం క్లౌడ్‌తో కాదు, నెట్‌వర్కింగ్‌తో. మొదటి నెల పూర్తిగా ఐపీ చిరునామాలు (నెట్‌వర్కులో ఒక్కో యంత్రానికి ఉండే అంకెల గుర్తులు), డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరును ఆ చిరునామాగా మార్చే ఏర్పాటు), పోర్టులు (ఒకే యంత్రంలో ఒక్కో సేవకు ఉండే ద్వారం సంఖ్యలు), లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పదిహేను ఇరవై కమాండ్లు నేర్చుకోవడానికి వెచ్చించండి. ఈ పునాది లేనివారికి 'వీపీసీ' అనే అధ్యాయం దగ్గర చదువు ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. వీపీసీ అంటే క్లౌడ్‌లో మీకంటూ గీసుకున్న ఒక సొంత నెట్‌వర్కు, దాన్ని సబ్‌నెట్‌లనే చిన్న భాగాలుగా విడదీస్తారు. ఒక సబ్‌నెట్‌కు /24 పరిమాణం ఇస్తే లెక్క ప్రకారం 256 చిరునామాలు ఉండాలి, కానీ మనకు దక్కేవి 251. మొదటి నాలుగింటినీ చివరిదాన్నీ ఏడబ్ల్యూఎస్ తన అవసరాలకు అట్టిపెట్టుకుంటుంది. ఇలాంటి లెక్కను కాగితం మీద వేసి చూసుకున్నవారు మరిచిపోరు.

అదే అధ్యాయంలో సెక్యూరిటీ గ్రూప్‌కూ నెట్‌వర్క్ ఏసీఎల్‌కూ ఉన్న తేడా కూడా చాలామందిని తికమక పెడుతుంది. రెండు కాపలాలు ఉన్నాయనుకోండి. సర్వర్ గుమ్మం దగ్గరి కాపలాదారు, లోపలికి ఎవరిని పంపాడో గుర్తుపెట్టుకుని, వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ ప్రశ్నించడు. అది సెక్యూరిటీ గ్రూప్. వీధి మొగలో ఉన్న కాపలాదారుకు జ్ఞాపకం ఉండదు, రావడానికి ఒక అనుమతి, పోవడానికి వేరే అనుమతి రాసి ఇవ్వాలి. అది నెట్‌వర్క్ ఏసీఎల్. అందుకే ఏసీఎల్‌లో సురక్షిత వెబ్‌సైట్లు వాడే 443 పోర్టును లోపలికి తెరిచి, జవాబు బయటికి వెళ్లేందుకు 1024 నుంచి 65535 వరకు ఉండే తాత్కాలిక పోర్టులను తెరవకపోతే వెబ్‌సైటు తెరుచుకోదు. ఈ తప్పును ఒకసారి కావాలనే చేసి, ఎందుకు తెరుచుకోలేదో మీరే వెతికి పట్టుకోండి. ఆ ఒక్క సాయంత్రం పది వీడియోలకంటే ఎక్కువ నేర్పుతుంది.

రోజుకు రెండు గంటల చొప్పున మీకు ఐదారు నెలలు పడుతుందని నా అంచనా. ఎవరో ముప్పై రోజుల్లో పూర్తిచేశామని చెబితే కంగారుపడకండి, వాళ్లు అప్పటికే ఆ పనిలో ఉండి ఉంటారు. నేరుగా ఈ పరీక్షకు దిగడానికి భయంగా ఉంటే ముందు 'క్లౌడ్ ప్రాక్టీషనర్' అనే ప్రాథమిక పరీక్ష రాయండి. దానికి 90 నిమిషాలు, 65 ప్రశ్నలు, 100 డాలర్లు, పాసవడానికి 700. ఒక పరీక్ష పాసైనవారికి తరువాతి పరీక్ష రుసుములో 50 శాతం తగ్గింపు దొరుకుతుంది కాబట్టి, రెండూ రాసినా 175 డాలర్లే అవుతాయి. అదనంగా పడే 25 డాలర్లకు పరీక్ష హాలు ఎలా ఉంటుందో తెలియడం, కొంత ధైర్యం రావడం మీవంటివారికి లాభమే.

ప్రశ్న: మాక్ టెస్టుల్లో 80 శాతానికి పైగా వస్తున్నాయన్న నమ్మకంతో పరీక్ష రాశాను. 690 వచ్చింది, ఫెయిలయ్యాను. చదివినవే వచ్చాయి, కానీ ప్రతి ప్రశ్నకూ రెండు జవాబులు సరైనవిగానే కనిపించాయి. తప్పు ఎక్కడ జరిగింది?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ ఉత్తరంలోని చివరి వాక్యమే అసలు సంగతిని చెబుతోంది. రెండు జవాబులు సరైనవిగా కనిపించడం మీ పొరపాటు కాదు, ప్రశ్నలను అలాగే తయారుచేస్తారు. 'ఏది పనిచేస్తుంది' అన్నది ఈ పరీక్ష అడిగే ప్రశ్న కాదు. 'పనిచేసేవాటిలో, చెప్పిన షరతుకు ఏది బాగా నప్పుతుంది' అన్నదే ప్రశ్న. ఆ షరతు సాధారణంగా ప్రశ్న చివరి వాక్యంలో ఉంటుంది: అతి తక్కువ ఖర్చుతో, అతి తక్కువ నిర్వహణ భారంతో, అప్లికేషన్‌ను మార్చకుండా, ఒక్క రికార్డు కూడా పోకుండా. పేరా చదివి అలసిపోయిన కన్ను ఆ నాలుగు మాటల మీద నుంచి జారిపోతుంది.

నేనే రాసిన ఒక ఉదాహరణ ఇస్తాను. బస్సు టికెట్లు అమ్మే ఒక సంస్థ ఉంది. సంక్రాంతికి ముందు రోజుల్లో ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగి, వాటిని స్వీకరించే సర్వర్ ఉక్కిరిబిక్కిరి అయి, కొన్ని ఆర్డర్లు మధ్యలోనే పోతున్నాయి. ఒక్క ఆర్డరూ పోకూడదు, నిర్వహణ భారం తక్కువగా ఉండాలి. జవాబుల్లో మొదటిది మరింత పెద్ద సర్వర్ తీసుకోవడం. రెండోది డేటాబేస్‌కు మరో జోన్‌లో, అంటే అదే ప్రాంతంలోని వేరే డేటా కేంద్రంలో, తోడుగా ఒక ప్రతిని ఉంచడం. మూడోది ఆర్డర్లను ఎస్‌క్యూఎస్ అనే, ఏడబ్ల్యూఎస్సే నడిపే క్యూలో వేసి, క్యూ పొడవును బట్టి సర్వర్ల సంఖ్య పెరిగేలా, తగ్గేలా ఏర్పాటు చేయడం. నాలుగోది రెండు సర్వర్ల మీద మనమే ప్రోగ్రాముల మధ్య సందేశాలను చేరవేసే ఒక మెసేజ్ బ్రోకర్ సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసి నడపడం.

మొదటిది రద్దీని కొంత వాయిదా వేస్తుందే తప్ప, ఆ సర్వర్ పడిపోతే ఆర్డర్లు పోకుండా ఆపలేదు. రెండోది డేటాబేస్ పడిపోయినప్పుడు ఆదుకుంటుంది, కానీ ఇక్కడ పడిపోతున్నది డేటాబేస్ కాదు. మూడు, నాలుగు రెండూ పనిచేస్తాయి. మీరు ఇరుక్కున్నది సరిగ్గా ఇలాంటి చోటే. నాలుగోదానిలో ఆ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయడం, డిస్కు నిండకుండా చూడడం, ఒక సర్వర్ ఆగితే రెండోదానికి మళ్లించడం అన్నీ మన నెత్తిన పడతాయి. 'నిర్వహణ భారం తక్కువ' అన్న మాట దాన్ని తప్పిస్తుంది. అదే ప్రశ్నలో, 'ఇప్పటికే ఆ బ్రోకర్ మీద నడుస్తున్న అప్లికేషన్ కోడును మార్చడానికి వీల్లేదు' అని ఉంటే ఎస్‌క్యూఎస్ కూడా తప్పుకునేది.

ఈ క్యూ లోపల ఏం జరుగుతుందో కూడా తెలుసుకుని ఉండాలి. ఒక సర్వర్ ఒక ఆర్డరును చేతిలోకి తీసుకోగానే అది క్యూలోంచి తొలగిపోదు, కొంతసేపు మిగతా సర్వర్లకు కనిపించకుండా ఉంటుంది. మార్చకపోతే ఆ వ్యవధి 30 సెకన్లు. పని పూర్తయ్యాక సర్వర్ దాన్ని తొలగించాలి. మధ్యలో సర్వర్ ఆగిపోతే, గడువు తీరగానే ఆర్డరు మళ్లీ కనిపించి, మరో సర్వర్ దాన్ని అందుకుంటుంది. ఆర్డరు పోకపోవడానికి కారణం ఇదే. ఒకవేళ పనికి నిమిషం పట్టేట్టుంటే, 30 సెకన్ల తరువాత అదే ఆర్డరును ఇంకో సర్వర్ కూడా అందుకుని ఒకే టికెట్‌ను రెండుసార్లు బుక్ చేసే ప్రమాదం ఉంది. ఇలా లోతుకు వెళ్లి చదివినవారికి, 'ఒకే ఆర్డరు రెండుసార్లు నమోదవుతోంది, ఏం చేయాలి' అన్న ప్రశ్న కొత్తగా అనిపించదు. క్యూలో మెసేజ్ మామూలుగా 4 రోజులు, గరిష్ఠంగా 14 రోజులు నిలుస్తుందన్నది మాత్రం బట్టీ పట్టినా సరిపోతుంది.

డేటాబేస్ అధ్యాయంలోనూ ఇలాంటి జంట ఒకటి ఉంది. ఏడబ్ల్యూఎస్ నడిపే డేటాబేస్ సేవ అయిన ఆర్‌డీఎస్‌లో, మల్టీ ఏజెడ్ అనే పద్ధతిలో మరో జోన్‌లో ఉంచే ప్రతికి సమాచారం అప్పటికప్పుడే చేరుతుంది, అసలుది పడిపోతే అది బాధ్యత తీసుకుంటుంది, అంతవరకు ఎవరికీ సమాచారం చదివి ఇవ్వదు. చదవడానికే ఉంచే ప్రతి, అంటే రీడ్ రెప్లికాకు సమాచారం కొద్ది ఆలస్యంగా చేరుతుంది, కానీ చదివే భారాన్ని పంచుకుంటుంది. ఒక ఏర్పాటు ఆపద కోసం, రెండోది రద్దీ కోసం. రిపోర్టులు తీసేటప్పుడు డేటాబేస్ మందగిస్తోందని ప్రశ్నలో ఉంటే ఏది ఎంచుకోవాలో ఇక మీకే తెలుస్తుంది.

మీ మాక్ టెస్టుల సంగతికి వస్తే, ఒకే టెస్టును మూడోసారి రాసినప్పుడు వచ్చే 80 శాతం మీ జ్ఞాపకశక్తికి వచ్చిన మార్కు. ఈసారి కొత్త టెస్టులు తీసుకోండి. ఒక నోటుపుస్తకంలో ప్రతి ప్రశ్నకూ, సరైన జవాబు ఎందుకు సరైనదో కాక, మిగతా మూడూ ఎందుకు తప్పుకున్నాయో ఒక్కొక్క వాక్యం రాయండి. 'ఈ జవాబు సరైనది కావాలంటే ప్రశ్నలో ఏ మాట మారాలి' అని కూడా రాయగలిగితే మీరు సిద్ధమైనట్టే. ఇది నిదానంగా సాగే పని, రోజుకు పది ప్రశ్నలకంటే ఎక్కువ కావు. నాకు తెలిసి ఇంతకంటే నమ్మదగిన పద్ధతి లేదు.

మరో మాట: 690 అంటే 69 శాతం కాదు. ప్రశ్నల కఠినత్వంలోని తేడాలను సర్దుబాటు చేసి స్కోరు ఇస్తారు. ప్రతి విభాగంలోనూ విడివిడిగా పాసవనక్కర్లేదు, మొత్తం మీద 720 వస్తే చాలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు, ఖాళీగా వదిలితే తప్పుగానే లెక్కిస్తారు, కాబట్టి ఏ ప్రశ్ననూ వదలకండి. మళ్లీ రాయడానికి 14 రోజులు ఆగాలి, రుసుము మళ్లీ పూర్తిగా కట్టాలి. ఆ 14 రోజులు తీరగానే పరుగెత్తకుండా, నోటుపుస్తకంలో కనీసం రెండువందల ప్రశ్నలు పూర్తయ్యాక తేదీ తీసుకోండి.

ప్రశ్న: సాధన కోసం క్లౌడ్ ఖాతా తెరిచి, సర్వర్లన్నీ ఆపేశాననుకున్నాను. నెలాఖరుకు నలభై డాలర్ల బిల్లు వచ్చింది. ఇంట్లో చెప్పుకోలేకపోతున్నాను. మళ్లీ ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది.
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మొదట భయం పక్కన పెట్టి, కన్సోల్‌లో, అంటే ఖాతాను నడిపే వెబ్‌సైటులో, బిల్లుల పేజీ తెరిచి ఏ సేవకు ఎంత పడిందో చూడండి. తరువాత ఖాతాలోంచే సపోర్టు విభాగానికి, నేర్చుకుంటూ పొరపాటున వదిలేశానని ఉన్నదున్నట్టు రాయండి. ఏడబ్ల్యూఎస్‌లో బిల్లుల గురించి అడగడానికి ఎవరూ డబ్బు కట్టనక్కర్లేదు. మాఫీ చేస్తారని మాట ఇవ్వలేను, కానీ అడగడం మీ హక్కు. ఇంట్లో కూడా చెప్పండి. నేర్చుకునే దారిలో జరిగిన ఖర్చును దాచిపెడితే బరువు పెరుగుతుంది.

సర్వర్‌ను ఆపడం వేరు, తొలగించడం వేరు. ఆపిన సర్వర్‌కు గంటల అద్దె పడదు, కానీ దానికి తగిలించిన డిస్కుకు అద్దె నడుస్తూనే ఉంటుంది. పబ్లిక్ ఐపీ వీ4 చిరునామాలకు 2024 ఫిబ్రవరి 1 నుంచి గంటకు 0.005 డాలర్ల చొప్పున వసూలు చేస్తున్నారు, ఒక్కో చిరునామాకు నెలకు 3 డాలర్ల 60 సెంట్లు అవుతుంది. కానీ మీ బిల్లు మొత్తాన్ని చూస్తే నా అనుమానం నాట్ గేట్‌వే మీద ఉంది. ప్రైవేటు సబ్‌నెట్‌లోని సర్వర్లు ఇంటర్నెట్‌కు వెళ్లేందుకు వాడే ఈ ఏర్పాటుకు, వర్జీనియా రీజియన్‌లో (డేటా కేంద్రాలున్న ఒక్కో ప్రాంతాన్ని రీజియన్ అంటారు) గంటకు 0.045 డాలర్లు. వాడినా వాడకపోయినా ముప్పై రోజులకు 32 డాలర్లు దాటుతుంది, డేటాకు రుసుము వేరే. శిక్షణ వీడియోల్లో దీన్ని ఒక్క క్లిక్కుతో సృష్టిస్తారు, తీసేయమని చెప్పడం మరిచిపోతారు.

ఇదే విషయం పరీక్షలో కూడా వస్తుందని గమనించండి. 'ప్రైవేటు సబ్‌నెట్‌లోని సర్వర్లు ఎస్3లోని ఫైళ్లను మాత్రమే చదవాలి, ఖర్చు తగ్గాలి' అని అడిగితే, నాట్ గేట్‌వే బదులు, ఫైళ్లు దాచే సేవ అయిన ఎస్3కి గేట్‌వే ఎండ్‌పాయింట్ అనే నేరు దారి పెట్టడమే జవాబు, ఎందుకంటే దానికి రుసుము లేదు. మీరు నలభై డాలర్లు పెట్టి నేర్చుకున్న ఈ సంగతిని మీ తోటివారికి ఉచితంగా చెప్పండి.

ఇంకో చిక్కు రీజియన్ల వల్ల వస్తుంది. ఏడబ్ల్యూఎస్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి రీజియన్లు ఉన్నాయి. కన్సోల్‌లో హైదరాబాద్ ఎంచుకుని చూస్తున్నప్పుడు, ముంబైలో మీరు సృష్టించి వదిలేసిన సర్వర్ కనిపించదు. అంతా శుభ్రంగా ఉందనిపిస్తుంది. అందుకే సాధనకు ఒకే రీజియన్‌ను ఎంచుకుని దానికే కట్టుబడండి. ఖాతా తెరిచిన మొదటి గంటలోనే మూడు పనులు చేయాలి: ఖాతా మీద పూర్తి అధికారం ఉండే రూట్ లాగిన్‌కు ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో గుర్తింపు) పెట్టడం, రోజువారీ పనికి వేరే యూజర్‌ను తయారుచేసుకోవడం, ఖర్చు ఒక్క సెంటు దాటినా ఈమెయిల్ వచ్చేలా బడ్జెట్ హెచ్చరిక ఏర్పాటు చేయడం. ప్రోగ్రాములు ఖాతాలోకి వెళ్లేందుకు వాడే రహస్య సంకేతాలైన యాక్సెస్ కీలను కోడులో రాసి, కోడును పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకండి. అలాంటి కీల కోసం నిరంతరం వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి, బిల్లు అప్పుడు నలభై డాలర్లతో ఆగదు.

2025 జూలై 15 నుంచి కొత్తగా ఖాతా తెరిచేవారికి పద్ధతి మారింది. చేరగానే 100 డాలర్ల క్రెడిట్, సూచించిన కొన్ని పనులు చేస్తే మరో 100 డాలర్ల వరకు క్రెడిట్ ఇస్తున్నారు. ఉచిత ప్లాన్ ఎంచుకుంటే ఆరు నెలలు గడిచేదాకా, లేదా క్రెడిట్ అయిపోయేదాకా, మీరుగా చెల్లింపు ప్లాన్‌కు మారితే తప్ప బిల్లు రాదు. పాత వీడియోల్లో చెప్పే ఏడాది ఉచిత గంటల లెక్క కొత్త ఖాతాలకు వర్తించదు. ఇది చదువుతున్న కొత్తవారు ఆ ఆరు నెలల గడియారాన్ని నెట్‌వర్కింగ్ పాఠాలు పూర్తయ్యాకే మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు అర్థమవుతుంది కానీ నెమ్మదిగా చదువుతాను. పరీక్ష తెలుగులో ఉందా? ఇంటి నుంచి రాయడం మంచిదా, సెంటర్‌కు వెళ్లడం మంచిదా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తెలుగులో ఈ పరీక్ష లేదు, ఉండాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. కానీ మీవంటివారికి ఒక వెసులుబాటు ఉంది, దాని గురించి చాలామందికి తెలియదు. ఇంగ్లీషు మాతృభాష కానివారు ఇంగ్లీషులో పరీక్ష రాస్తే 30 నిమిషాల అదనపు సమయం అడగవచ్చు. దీన్ని సర్టిఫికేషన్ ఖాతాలో, పరీక్ష తేదీ బుక్ చేయడానికి ముందే కోరాలి. బుక్ చేసిన తరువాత అడిగితే ఆ పరీక్షకు వర్తించదు. 130 నిమిషాలు 160 అవుతాయి, ప్రశ్నకు రెండు నిమిషాలు అనుకున్నది దాదాపు రెండున్నర అవుతుంది. నెమ్మదిగా చదివేవారికి ఇది చాలా పెద్ద తేడా.

ఇంటి నుంచి రాస్తే గదిని నాలుగు వైపులా ఫొటో తీసి పంపాలి, బల్ల మీద ఏమీ ఉండకూడదు, పరీక్ష ముగిసేదాకా గదిలోకి ఎవరూ రాకూడదు. ప్రశ్నను పైకి చదువుకోవడం కూడా కుదరదు, మనలో చాలామందికి పెదవులు కదుపుతూ చదివే అలవాటుంది కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. కరెంటు, ఇంటర్నెట్ మీద పూర్తి భరోసా లేకపోతే, ఒక పూట ప్రయాణమైనా సెంటర్‌కు వెళ్లడమే మేలు. తేదీ మార్చుకోవాలంటే 24 గంటల ముందు వరకు, రెండుసార్ల దాకా రుసుము లేకుండా మార్చుకోవచ్చు.

పేరు విషయంలో మన తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. మన గుర్తింపు పత్రాల్లో ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా, మరోచోట పేరు చివర ఉంటుంది. పరీక్ష ఖాతాలోని పేరు, ఆ రోజు చూపించే గుర్తింపు పత్రంలోని పేరుతో సరిపోలాలి, లేకపోతే లోపలికి రానివ్వరు, కట్టిన రుసుము కూడా పోవచ్చు. ఏ పత్రం చూపిస్తారో ముందే నిర్ణయించుకుని, దానిలో ఉన్నట్టే ఖాతాలో పేరు రాయండి. ఇప్పటికే వేరుగా రాసి ఉంటే, పరీక్షకు కొన్ని వారాల ముందే సరిచేయమని కోరండి.

ప్రశ్న: మా అబ్బాయి బి.టెక్. పూర్తిచేసి ఏడాదైంది, ఉద్యోగం లేదు. అమీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రంవారు యాభై వేలు కడితే పాస్ గ్యారంటీ అంటున్నారు. పరీక్షలో వచ్చే ప్రశ్నలే ముందుగా ఇస్తారట. కట్టమంటారా?
— ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: వద్దండీ. దయచేసి కట్టకండి. పరీక్షలో వచ్చే ప్రశ్నలను ముందుగా ఇవ్వడమంటే, ఎవరో పరీక్ష రాసి వాటిని బయటికి తెచ్చి అమ్ముకోవడమే. దీన్ని 'డంప్స్' అంటారు. అభ్యర్థి ఒప్పుకుని సంతకం చేసే నియమాలకు ఇది విరుద్ధం. బయటపడితే సర్టిఫికేషన్ రద్దు చేయవచ్చు, ఇకముందు పరీక్షలు రాయకుండా నిషేధించవచ్చు. పట్టుబడకపోయినా, ఇంటర్వ్యూలో 'ఈ డేటాబేస్‌ను ప్రైవేటు సబ్‌నెట్‌లో ఎందుకు పెట్టారు' అని అడిగిన మొదటి నిమిషంలోనే విషయం తేలిపోతుంది.

అమీర్‌పేటలో నిజాయితీగా పాఠం చెప్పే గురువులు ఉన్నారు, వారి దగ్గర నేర్చుకుని స్థిరపడినవారు నా స్నేహితుల్లోనే ఉన్నారు. కాబట్టి శిక్షణ కేంద్రానికి పోవడమే తప్పని నేననను. చేరేముందు రెండు రోజులు క్లాసులో కూర్చోనివ్వమని అడగమనండి. పాఠం చెప్పే వ్యక్తి తెర మీద స్వయంగా నిర్మించి చూపిస్తున్నారా, అబ్బాయి చేత చేయిస్తున్నారా అన్నది చూడాలి. అంతకుముందు ఉచితంగా దొరికేవాటిని పూర్తి చేయమనండి. ఏడబ్ల్యూఎస్ స్కిల్ బిల్డర్‌లో రుసుము లేని కోర్సులు, 20 ప్రశ్నల అధికారిక నమూనా పరీక్ష ఉన్నాయి.

ఉద్యోగం గురించి దాచకుండా చెబుతాను. ఈ సర్టిఫికెట్ ఒక్కటే ఉద్యోగం ఇప్పించదు. వడపోతలో రెజ్యూమెను ఒక మెట్టు పైకి చేరుస్తుంది, ఆ తరువాత అడిగేది 'నువ్వు ఏం కట్టావు' అనే. మీ వ్యాపారానికో, ఊళ్లోని లైబ్రరీకో, పాల కేంద్రానికో పనికొచ్చే ఒక చిన్న వెబ్‌సైటును మీ అబ్బాయి క్లౌడ్‌లో నిర్మించి, దాని పటాన్ని గీసి, నెలకు ఎంత ఖర్చవుతుందో లెక్క రాసి, ఆ ఖర్చును ఎలా తగ్గించాడో వివరించగలిగితే, ఇంటర్వ్యూలో మాట్లాడడానికి అతని దగ్గర సొంత సరుకు ఉంటుంది. చదువుతూ ఈ పని చేస్తే పరీక్షకూ అదే సన్నద్ధత అవుతుంది. ఏడాదిగా ఖాళీగా ఉన్న పిల్లవాడికి కావలసింది పాస్ గ్యారంటీ కాదండీ, తన చేత్తో చేసిన పని ఒకటి నడుస్తుంటే చూసుకునే తృప్తి.

ప్రశ్న: పెళ్లికి ముందు బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం చేశాను. ఎనిమిదేళ్ల విరామం తరువాత ఇక్కడ మళ్లీ మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఏడబ్ల్యూఎస్, మైక్రోసాఫ్ట్‌వారి అజూర్, గూగుల్ క్లౌడ్‌లలో దేన్ని ఎంచుకోవాలి?
— ఒక పాఠకురాలు, డాలస్, అమెరికా

జవాబు: మీ చుట్టుపక్కల ఉన్న ఉద్యోగ ప్రకటనలు నాకంటే బాగా చెబుతాయి. మీరు చేయదలచిన పనికి సంబంధించిన ముప్పై ప్రకటనలు చదివి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఎక్కువసార్లు కనిపించినదాన్నే ఎంచుకోండి. మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టవద్దు.

ఒకటి బాగా నేర్చుకుంటే రెండోదానికి పట్టే సమయం సగానికి సగం తగ్గుతుంది. ఏడబ్ల్యూఎస్‌లో ఎస్3 అన్నది అజూర్‌లో బ్లాబ్ స్టోరేజ్, గూగుల్‌లో క్లౌడ్ స్టోరేజ్. కానీ పేర్లు మార్చుకుంటే చాలనుకోకండి. ఏడబ్ల్యూఎస్‌లో వీపీసీ ఒక రీజియన్‌కు పరిమితం, సబ్‌నెట్ ఒక జోన్‌కు పరిమితం. గూగుల్‌లో వీపీసీ ప్రపంచమంతటికీ ఒకటే, సబ్‌నెట్ రీజియన్ అంతటా పరుచుకుంటుంది. ఇలాంటి తేడాల దగ్గరే రెండో పరీక్షలో తప్పులు దొర్లుతాయి. టెస్టింగ్ చేసినవారు గనుక 'ఇది ఎక్కడ విరుగుతుంది' అని ఆలోచించే అలవాటు మీకు ఇప్పటికే ఉంది. సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ పరీక్షలో నాలుగోవంతుకు పైగా ఆ ఆలోచన మీదే నడుస్తుంది.

గడువుల తేడా కూడా చూసుకోండి. ఏడబ్ల్యూఎస్ సర్టిఫికేషన్ మూడేళ్లు చెల్లుతుంది. అజూర్‌లో అసోసియేట్ స్థాయివి ఏడాదికే ముగుస్తాయి, కానీ ఆన్‌లైన్‌లో ఒక ఉచిత పరీక్షతో పొడిగించుకోవచ్చు. అక్కడి ప్రాథమిక స్థాయి సర్టిఫికేషన్లకు గడువు లేదు.

ప్రశ్న: నా సర్టిఫికేషన్ గడువు వచ్చే ఏడాది ముగుస్తుంది. అదే పరీక్ష మళ్లీ రాయాలా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అదే పరీక్ష అప్పటికి అమల్లో ఉన్న రూపంలో మళ్లీ రాయవచ్చు, లేదా 'సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ ప్రొఫెషనల్' పరీక్ష పాసైతే అసోసియేట్ గడువు దానంతటదే పొడిగింపు పొందుతుంది. ప్రొఫెషనల్ పరీక్షలో 180 నిమిషాలు, 75 ప్రశ్నలు, 300 డాలర్లు, పాసవడానికి 750. ఈ రెండేళ్లలో మీరు రోజూ ఈ సేవలతోనే పనిచేసి ఉంటే ప్రొఫెషనల్ వైపే వెళ్లండి. ప్రశ్నలు పొడవైనవి, ఒక్కొక్కటి అర పేజీ ఉంటుంది, కాబట్టి మూడు గంటలు కదలకుండా చదివే ఓపికను ముందునుంచే అలవాటు చేసుకోవాలి. మీ సర్టిఫికేషన్ ఖాతాలో, మొదటిసారి పాసైనప్పుడు ఇచ్చిన 50 శాతం తగ్గింపు కోడ్ వాడకుండా మిగిలి ఉందేమో చూసుకోండి. ఉంటే దాన్ని ఈ పరీక్షకే వాడండి, 150 డాలర్లు మిగులుతాయి.